పదవి రాకముందే పెత్తనం: రాజీవ్ గాంధీ తొలి మూడేళ్లు, మన బేగంపేట గొడవ

పాతపేపర్ల_పిచ్చోడు

బేగంపేట విమానాశ్రయంలో అప్పటి ముఖ్యమంత్రి అంజయ్య గారి మీద రాజీవ్ గాంధీ అందరి ముందూ మండిపడిన సంగతి మన రెండు రాష్ట్రాల్లో తెలియనివాళ్లు ఉండరు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు తవ్వి తీస్తూనే ఉంటారు. కానీ ఆ కథ చెప్పేవాళ్లు ఒక్క ముక్క వదిలేస్తారు. 1982 ఫిబ్రవరి నాటికి అసలు రాజీవ్ ఎవరు?

ఏడాది కిందటి దాకా ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్. 1981 జూన్‌లో అమేథీ ఉప ఎన్నికలో గెలిచి, ఆగస్టు 17న ప్రమాణం చేశారు. అంటే ఆరు నెలలు నిండీ నిండని ఎంపీ. కేంద్రంలో మంత్రి కాదు. ఏఐసీసీ ప్రధాన కార్యదర్శిని చేసింది 1983 ఫిబ్రవరిలో, ఈ గొడవ జరిగిన ఏడాదికి. అలాంటాయన హైదరాబాద్‌లో దిగితే ఒక పెద్ద రాష్ట్ర ముఖ్యమంత్రి పనులన్నీ మానుకొని, మందీమార్బలంతో, డప్పులతో దండలతో విమానం మెట్ల దాకా ఎందుకు వెళ్లాల్సి వచ్చింది?

రాజీవ్‌కి కోపం ఎక్కువా తక్కువా అన్నది నాకు పెద్ద విషయం కాదు. ఆయన కోప్పడిన మూడు వారాలకల్లా ముఖ్యమంత్రి మారిపోయాడే, అది విషయం. ఫిబ్రవరి 24న భవనం వెంకట్రామ్ ప్రమాణం చేశారు. దీని మీద మాట్లాడదాం.

గోదారోడు

మళ్లీ బేగంపేటేనా అండీ బాబూ! సరే, కానివ్వండి. ఆ రోజు ఆ కుర్రాడు నోరు అదుపులో పెట్టుకొని ఉంటే తెలుగుదేశం పుట్టేదే కాదని మా తాతగారు చచ్చేదాకా అనేవారు. నాదీ అదే మాట.

పాతపేపర్ల_పిచ్చోడు

> నోరు అదుపులో పెట్టుకొని ఉంటే తెలుగుదేశం పుట్టేదే కాదని

తేదీలు చూస్తే అలాగే అనిపిస్తుంది గోదారి గారూ. ఫిబ్రవరిలో గొడవ, మార్చి 29న హైదరాబాద్ ఎమ్మెల్యే క్వార్టర్స్‌లో పార్టీ ప్రకటన. కానీ అరవై ఏళ్లు వస్తున్నాయి, ఇక నెలకు పదిహేను రోజులు జనానికే ఇస్తానని ఎన్టీఆర్ అంతకుముందే ఊటీలో షూటింగ్ దగ్గర విలేకరులతో అనేశారు. రావడం ఖాయం. బేగంపేట ఆయనకిచ్చింది నినాదం. 'తెలుగువాడి ఆత్మగౌరవం' అని ఊరికే అంటే గాల్లో మాటలా ఉంటుంది. 'మన ముఖ్యమంత్రిని మన గడ్డ మీదే ఎలా తిట్టారో చూశారా' అని మొదలుపెట్టి ఆ మాట అంటే ఆయన ప్రచార వ్యాన్ చుట్టూ చేరిన ఊరంతా కదిలిపోయేది.

రెక్కల_గుర్రం

నేను విమానాశ్రయంలో గ్రౌండ్ డ్యూటీ చేసి రిటైరైన మనిషిని. రాజకీయాలు నాకు పట్టవు గానీ ఈ కథ విన్న ప్రతిసారీ ఒళ్లు మండుతుంది, మీరంతా మండేది ఒకవైపు, నాది ఇంకోవైపు.

విమానం నిలిపే చోటును ఏప్రన్ అంటాం. అక్కడ ఒక్క పూలదండ తెగి పడినా మేము వంగి ఏరేవాళ్లం. దారం, కర్రముక్క, తెగిన చెప్పు, ఏదైనా సరే. ఇంజను లోపలికి లాక్కుందంటే అంతే సంగతులు. రాజీవ్ మొదట్లో నడిపిన ఆవ్రో విమానానికి ప్రొపెల్లర్లు ఉంటాయి, మనిషికి రెండింతల ఎత్తు. తిరిగేటప్పుడు అవి కంటికి ఆనవు. పక్కనే పెట్రోలు బండి. ఆ మధ్యలోకి వందల మందిని తోలుకొచ్చి డప్పులు కొట్టించారు. దశాబ్దం పైన విమానాలు నడిపిన మనిషికి ఆ దృశ్యం చూస్తే ఏమనిపిస్తుంది? నాకైతే గుండె ఆగిపోయేది. ఆయన స్థానంలో ఏ పైలట్ ఉన్నా అరుస్తాడు.

ముషీరాబాద్_మల్లన్న

> ఏ పైలట్ ఉన్నా అరుస్తాడు

గురూ, పైలట్ అరుస్తడు, నిజమే. ఎవరి మీద అరుస్తడు? ఎయిర్‌పోర్ట్ ఆఫీసర్ మీద అరుస్తడు. లోపలికి పోయి ఫిర్యాదు రాస్తడు. ముఖ్యమంత్రిని పట్టుకొని నలుగురి ముందల 'బఫూన్' అంటడా? గా మాటే అన్నడని అప్పుడు పేపర్లన్నిట్ల వచ్చింది.

అంజయ్య ఎవరో జెర తెలుసుకోన్రి. ఆల్విన్ ఫ్యాక్టరీల కూలి చేసి, యూనియన్ పెట్టి, లీడరై, కేంద్రంల మంత్రై, ముఖ్యమంత్రి దాక వచ్చిండు. మా నాయన ఆల్విన్‌ల్నే చేసిండు. కూలోని కడుపు నొప్పి తెల్సినోడు అనేటోడు. ఇంగ్లీష్ రాదని, మాట తడబడ్తదని కాలేజీలు సదివినోళ్లు ఆయన మీద జోకులు ఏసేటోళ్లు. 61 మందితోని జంబో క్యాబినెట్ అని నవ్వేటోళ్లు. ఆ నవ్వినోళ్లే బేగంపేట తర్వాత 'అయ్యో మన అంజయ్య' అన్నరు. గదీ సంగతి.

కాలేజీ_మేష్టారు

ఈ థ్రెడ్ పెట్టినాయన అడిగిన ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు. పదవి లేని మనిషికి ముఖ్యమంత్రి ఎందుకు ఎదురెళ్లాడని కదా అడిగారు? నేను చెబుతాను, కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఆ కుర్చీ రాజీవ్ చేయించుకున్నది కాదు, తమ్ముడి కోసం తయారైంది. ఎమర్జెన్సీ రోజుల్లో సంజయ్ గాంధీ ఎంపీ కూడా కాదు. అయినా ముఖ్యమంత్రులు ఆయన కోసం విమానాశ్రయాల్లో పడిగాపులు పడ్డారు. 1977లో అమేథీలో నిలబడి ఓడిపోయాడు, 1980 జనవరిలో అక్కడే గెలిచాడు. ఎంపీగా ఉన్నది ఆరు నెలలు కూడా కాదు. జూన్ 23న ఢిల్లీలో సఫ్దర్‌జంగ్ దగ్గర విన్యాసాలు చేస్తూ విమానం కూలి చనిపోయాడు.

కుర్చీ ఖాళీ అయింది, ఇంట్లో ఇంకో కొడుకు ఉన్నాడు. అతనికి ఇష్టం లేదు. కేంబ్రిడ్జ్‌లో ట్రినిటీ కాలేజీకి వెళ్లాడు, పట్టా లేదు. లండన్‌లో ఇంపీరియల్ కాలేజీలో చేరాడు, అదీ పూర్తి చేయలేదు. ఢిల్లీ ఫ్లయింగ్ క్లబ్‌లో విమానం నేర్చుకొని ఉద్యోగం చూసుకున్నాడు. సోనియా అయితే ససేమిరా అన్నారు. భర్త రాజకీయాల్లోకి వెళ్లకుండా ఎంత పోరాడిందీ ఆవిడే తర్వాత రాశారు. పార్టీ ఎంపీలు మాత్రం సంతకాలు పెట్టి మరీ తీసుకురమ్మని ఇందిర గారి చుట్టూ తిరిగారు. దాదాపు ఏడాది నలిగింది ఈ వ్యవహారం. 1981 మేలో అమేథీకి రాజీవ్ పేరు ప్రతిపాదించింది మహారాష్ట్ర నేత వసంత్‌దాదా పాటిల్. ఇండియన్ ఎయిర్‌లైన్స్‌కి రాజీనామా, నామినేషన్, లోక్‌దళ్ తరఫున నిలబడ్డ శరద్ యాదవ్ మీద 2 లక్షల 37 వేల ఓట్ల మెజారిటీ. అన్నీ చకచకా అయిపోయాయి.

మరి అంజయ్య ఎందుకు వెళ్లాడంటారా? ఆయన ముందు ముఖ్యమంత్రిగా ఉన్న చెన్నారెడ్డిని మార్చిందీ ఢిల్లీయే. కేంద్రంలో ఉన్న అంజయ్యను 1980 అక్టోబరులో ఇక్కడికి పంపిందీ ఢిల్లీయే. పంపినవాళ్లు తలచుకుంటే వెనక్కి పిలుస్తారని ఆయనకు తెలియదా? వెళ్లకపోతే ఏమవుతుందోనన్న భయం. వెళ్లాడు, కాస్త ఎక్కువ చేశాడు, ఆ ఎక్కువే కొంప ముంచింది.

గ్రూప్స్_సింధు

నమస్తే అందరికీ. నేను గ్రూప్ 1కి చదువుతున్నాను, ఇన్నాళ్లూ చదవడమే, మొదటిసారి రాస్తున్నా. మేష్టారూ, ఒక సందేహం. సంజయ్ సీటు కదా అమేథీ, మేనకా గాంధీ అడగలేదా?

కాలేజీ_మేష్టారు

మంచి ప్రశ్న సింధమ్మా. ఆవిడ చూపు ఆ సీటు మీదే ఉండేది. కానీ లోక్‌సభకు నిలబడాలంటే 25 ఏళ్లు నిండాలి. ఆవిడ పుట్టింది 1956 ఆగస్టు 26న. 1981 జూన్‌లో ఉప ఎన్నిక జరిగేనాటికి 24 ఏళ్లే. మొగుడు పోయిన సీటుకు బావగారు వచ్చేశారని పల్లెటూళ్లలో చెప్పుకున్నట్టు చెప్పుకోవడానికి లేదు, చట్టమే అడ్డం పడింది. 1982 మార్చిలో అత్తాకోడళ్ల గొడవ ముదిరి, ఆవిడ రెండేళ్ల కొడుకుని ఎత్తుకొని ప్రధాని ఇంట్లోంచి బయటికొచ్చేసింది. ఆ నెలలోనే ఇక్కడ ఎన్టీఆర్ పార్టీ పెట్టారు.

పాతపేపర్ల_పిచ్చోడు

ఈ రెండూ కలిసిన చోటు ఇంకా బాగుంటుంది. మేనక పెట్టిన సంజయ్ మంచ్‌తో 1983 ఎన్నికల్లో ఎన్టీఆర్ పొత్తు పెట్టుకున్నారు. ఐదు సీట్లు ఇస్తే నాలుగు గెలిచారు! ఢిల్లీలో ఇల్లు వదిలిన కోడలికి మొదట ఆసరా దొరికింది ఆంధ్రప్రదేశ్‌లో. 1984లో ఆవిడ అమేథీలో బావగారి మీదే ఇండిపెండెంట్‌గా నిలబడింది, అప్పటికి ఆయన ప్రధాని. 3 లక్షల పైచిలుకు తేడాతో ఓడి డిపాజిట్ పోగొట్టుకుంది.

కడప_కారం

అందరూ ఆత్మగౌరవం ఆత్మగౌరవం అంటాండారు. మా సీమలో ఓట్లు వేసినోళ్లని అడగండి సామీ, బియ్యం అంటారు. కిలో రెండు రూపాయలు. అది చూసి బెదిరిపోయి మా కోట్ల విజయభాస్కర రెడ్డి గవర్నమెంటు ఎన్నికల ముందర రూపాయి తొంభైకే ఇస్తామన్యాది. పది పైసలు తక్కువ! ఐనా జనం ఇనలా.

ఎందుకు ఇనలా? ఐదేండ్లలో నలుగురు ముఖ్యమంత్రులు. చెన్నారెడ్డి, అంజయ్య, భవనం, కోట్ల. ఈ వచ్చినాయన మాట ఇచ్చినా రేపు ఉంటాడో లేదో ఎవరికి తెల్సు? భవనం గారు ఏడు నెల్లు కూడా లేడు. సీల్డ్ కవర్లో పేరు ఢిల్లీ నుంచి వస్తాది, ఇక్కడ చింపి చదువుతారు. రూపాయి తొంభై బియ్యం మీద నమ్మకం పోయింది ఆ కవర్ల వల్లనే. నన్నడిగితే బేగంపేట ఒక్క రోజు సంగతి, కవర్లు ఐదేండ్ల సంగతి.

గోదారోడు

కారం గారు చెప్పింది బాగుంది. జనవరి 5న పోలింగు, 9న లాల్ బహదూర్ స్టేడియంలో ప్రమాణం. 294లో తెలుగుదేశానికి 200 పైన, కాంగ్రెస్‌కి 60. ఇందిర గారు స్వయంగా ఊరూరా తిరిగారండి, అయినా ఇదీ ఫలితం.

డాలస్_సుబ్బు

అన్నలూ, అప్పటి సంగతి సరే. ఇప్పుడు మన దగ్గర రెండు రాష్ట్రాల్లో వారసులు చేస్తున్నదేంటి? పేర్లు చెప్పాలా? మొన్న ఒకాయన...

నిర్వాహకుడు

సుబ్బు గారూ, మిగతా భాగం తీసేశాను. ఇప్పటి నాయకుల గురించి వేరే విభాగం ఉంది, అక్కడ కొట్టుకోండి. ఈ థ్రెడ్ 1981–84కి పరిమితం. అటూ ఇటూ కాస్త పోయినా పర్వాలేదు.

డాలస్_సుబ్బు

సరే సరే. ఒక్కటి చెప్పి ఊరుకుంటా. 2022 ఫిబ్రవరిలో పార్లమెంటులో ప్రధాని మోదీ కూడా అంజయ్య పేరు ఎత్తారు. నలభై ఏళ్ల తర్వాత కూడా ఆ ఒక్క సంఘటన ఢిల్లీలో పనికొస్తోందంటే చూడండి.

గ్రూప్స్_సింధు

ఇంకో ప్రశ్న. ఆ మూడేళ్లలో రాజీవ్ గారు నిజంగా చేసిన పని ఏదైనా ఉందా? మా కోచింగ్ నోట్సులో 'ఆసియా క్రీడల నిర్వహణ' అని ఒక్క లైన్ ఉంది.

రెక్కల_గుర్రం

ఉంది తల్లీ, దాన్ని తక్కువగా చూడొద్దు. 1982 నవంబరు 19 నుంచి డిసెంబరు 4 దాకా ఢిల్లీలో జరిగాయి. నెహ్రూ స్టేడియం, ఇంద్రప్రస్థ ఇండోర్ స్టేడియం, ఫ్లైఓవర్లు, క్రీడాగ్రామం, అన్నీ గడువు లోపల లేపారు. బూటా సింగ్ క్రీడల మంత్రి. నిర్వాహక సంఘంలో రాజీవ్ సభ్యుడు, పేరుకు సభ్యుడు, పని మాత్రం నెత్తిన వేసుకున్నారు. డూన్ స్కూలు నాటి స్నేహితుడు అరుణ్ సింగ్‌ని వెంట పెట్టుకొని లెక్కలు, చార్టులు, గడువులు. దేశానికి రంగుల టీవీ వచ్చింది ఆ ఏడాదే. పైలట్ బుర్ర ఎలా పనిచేస్తుందో అక్కడ కనిపిస్తుంది. విమానం ఎక్కేముందు చెక్‌లిస్టు ఒక్కో గీత టిక్ పెడతాం చూడండి, ఆ పద్ధతి.

లా_పుస్తకం

చెక్‌లిస్టులో ఒక గీత టిక్ పడలేదు రెక్కల గారూ. ఆ స్టేడియాలూ ఫ్లైఓవర్లూ కట్టిన కూలీల గీత.

అప్పుడు కనీస కూలి రోజుకు 9 రూపాయల 25 పైసలు. గుత్తేదార్లు ఆ డబ్బు కూలీలకు నేరుగా ఇవ్వలేదు, జమాదార్ల చేతికిచ్చారు. జమాదారు తలకో రూపాయి కమీషన్ పట్టుకొని 8.25 చేతిలో పెట్టేవాడు. పద్నాలుగేళ్లు నిండని పిల్లలూ పనిలో ఉన్నారు. పీపుల్స్ యూనియన్ ఫర్ డెమొక్రాటిక్ రైట్స్ వాళ్లు వెళ్లి చూసి, సుప్రీంకోర్టు జడ్జి జస్టిస్ భగవతికి ఉత్తరం రాశారు. ఆ ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకున్నారు. 1982 సెప్టెంబరులో, అంటే ఆటలు ఇంకా మొదలుకాకముందే, తీర్పు వచ్చింది. కనీస వేతనం కన్నా తక్కువిచ్చి పని చేయించుకుంటే అది రాజ్యాంగంలోని 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీయే అన్నారు. ఆకలికి తాళలేక తక్కువ కూలికి ఒప్పుకున్నా సరే, అది బలవంతం కిందికే వస్తుందన్నారు.

సింధు గారూ, మీ నోట్సులో ఆసియా క్రీడల లైన్ పక్కన ఈ కేసు రాసుకోండి. పరీక్షలో ఇదే అడుగుతారు, స్టేడియం పేరు అడగరు.

రాజీవ్ ఒక్కడిదే తప్పని నేను అనను. కూలి చట్టాలు అమలు చేయాల్సింది ఢిల్లీ పాలనా యంత్రాంగం, డీడీఏ (ఢిల్లీ అభివృద్ధి సంస్థ), కేంద్రం. కానీ పేరు ఒకరికి, పైసలు కోత ఒకరికి అయినప్పుడు రెండూ ఒకే పేజీలో ఉండాలి.

ముషీరాబాద్_మల్లన్న

ఆల్విన్ కూలోడు ముఖ్యమంత్రిగ దిగిపోయిన ఏడాదే, ఢిల్లీల కూలోల్ల రూపాయి జమాదార్ జేబుల పడ్డది. లా అన్నా, ఈ కేసు నాకు తెల్వకుండె. మస్తు చెప్పినవ్.

కాలేజీ_మేష్టారు

మూడో ఏడాది సంగతి చెప్పి నేను సెలవు తీసుకుంటాను. 1983లో ప్రధాన కార్యదర్శి అయ్యాక పార్టీలో ఆయన చుట్టూ కొత్త బృందం చేరింది. అరుణ్ నెహ్రూ, అరుణ్ సింగ్ లాంటివాళ్లు. నియోజకవర్గాల వివరాలు కంప్యూటర్‌లోకి ఎక్కించేవారని 'కంప్యూటర్ కుర్రాళ్లు' అని పాతకాపులు ఎగతాళి చేశారు. ఖద్దరు టోపీలవాళ్లకీ వీళ్లకీ పొత్తు కుదరలేదు.

1984 అక్టోబరు 31న రాజీవ్ పశ్చిమ బెంగాల్‌లో ప్రచారంలో ఉన్నారు. తల్లిని కాల్చారన్న కబురు తెలిసి కలకత్తా నుంచి విమానంలో ఢిల్లీ చేరారు. ఆ సాయంత్రమే ప్రమాణం. అంతవరకూ ఒక్క రోజు కూడా ఏ శాఖకూ మంత్రిగా లేరు. మంత్రిగా మొదటి రోజే ప్రధానిగా మొదటి రోజు. ఆయనతోపాటు ప్రమాణం చేసిన నలుగురిలో మన పీవీ, శివశంకర్ ఉన్నారు.

ఆ తర్వాతి మూడు రోజులు ఢిల్లీలో సిక్కులను వీధుల్లో వేటాడారు. అధికారిక లెక్క ఢిల్లీలోనే 2,733 మంది. హోంమంత్రి మనవాడే, పీవీ. నవంబరు 19న బోట్ క్లబ్ సభలో రాజీవ్ పెద్ద చెట్టు కూలితే భూమి కంపిస్తుందన్నారు. బేగంపేటలో అన్న మాటకు ఒక ముఖ్యమంత్రి బాధపడ్డాడు. ఈ మాటకు ఎన్ని కుటుంబాలు బాధపడ్డాయో, ఇప్పటికీ బాధపడుతున్నాయో ఆలోచించండి. ఆయన తొలినాళ్లను తూచేటప్పుడు నేను బేగంపేట కంటే దీన్నే బరువుగా చూస్తాను.

గోదారోడు

మేష్టారూ, మీరు చెప్పాక కాసేపు ఏం రాయాలో తోచలేదు.

ఎన్నికల సంగతి ఎవరో ఒకరు చెప్పాలి కాబట్టి చెబుతున్నా. డిసెంబరులో 514 సీట్లకు ఎన్నిక జరిగితే కాంగ్రెస్‌కి 404. దేశమంతా ఊడ్చేసింది. మన దగ్గర 42లో తెలుగుదేశం 30, కాంగ్రెస్ 6. లోక్‌సభలో ప్రతిపక్షంలోకెల్లా పెద్ద పార్టీ ఒక ప్రాంతీయ పార్టీ కావడం అదే మొదలు. హనుమకొండలో పీవీ గారు బీజేపీ జంగారెడ్డి చేతిలో ఓడిపోయారు. రాంటెక్‌లో కూడా నిలబడ్డారు కాబట్టి సరిపోయింది.

లా_పుస్తకం

ఆ 30కి కారణం అదే ఏడాది ఆగస్టు. గుండె ఆపరేషన్ చేయించుకొని అమెరికా నుంచి వచ్చిన ఎన్టీఆర్‌ని గవర్నర్ రామ్‌లాల్ దించేసి నాదెండ్ల భాస్కరరావుని కూర్చోబెట్టారు. ఎన్టీఆర్ చక్రాల కుర్చీలో రాష్ట్రపతి భవన్‌కి వెళ్లి ఎమ్మెల్యేలను చూపించారు. నెల తిరిగేసరికి సెప్టెంబరు 16న మళ్లీ ముఖ్యమంత్రి.

దీని వెనక ఢిల్లీలో ఎవరున్నారని అడిగితే చాలామంది అరుణ్ నెహ్రూ వైపు వేలు చూపించారు. ఇందిర గారు తనకు తెలియదన్నారు. రాజీవ్ అప్పుడు పార్టీ ప్రధాన కార్యదర్శి. అయితే ప్రధాని అయ్యాక ఆయన తెచ్చిన మొదటి పెద్ద చట్టాల్లో ఒకటి ఫిరాయింపుల నిషేధం, 1985 జనవరిలో 52వ సవరణ. ఆగస్టులో తన పార్టీ ఫిరాయింపుదార్లకు కొమ్ముకాసింది, జనవరిలో తనే ఫిరాయింపులకు తాళం వేశాడు. మూడో వంతు మంది కలిసి వెళ్తే చీలిక అని వదిలేసిన కంత ఒకటి ఉంది, దాన్ని 2003లో గానీ మూయలేదు.

రెక్కల_గుర్రం

చూశారా! మనిషి నేర్చుకున్నాడనే కదా దీనర్థం? ఇంకోటి కూడా చెబుతాను, ఇది ఎవరూ చెప్పరు. గోదారి గారు 1984లో కాంగ్రెస్‌కి ఇక్కడ 6 సీట్లే అన్నారు కదా. ఆ ఆరుగురిలో ఒకరు ఎవరనుకున్నారు? సికింద్రాబాద్ నుంచి టి. అంజయ్య. రాజీవ్ ఆయన్ని కేంద్రంలో కార్మిక శాఖ సహాయమంత్రిగా తీసుకున్నారు. మనసులో కక్ష ఉంటే తీసుకుంటారా?

ముషీరాబాద్_మల్లన్న

తీసుకున్నడు, కాదంటలేను. గా శాఖ అంజయ్య 1980లనే ఇందిరమ్మ దగ్గర చేసిండు. ముఖ్యమంత్రి చేసినాయనను మల్ల పాత కుర్చీలనే కూసోబెట్టిండ్రు. గది సన్మానమా అన్నా?

అయినా అంజయ్య పార్టీ ఇడ్వలే. ఎన్టీఆర్ ఆయన పేరు మీద ఊరూరా ఓట్లడిగిండు, ఆయనేమో కాంగ్రెస్‌ల్నే ఉండె. 1986 అక్టోబర్ల పోయిండు, మంత్రిగ ఉండంగనే. తర్వాత మణెమ్మ గారు గదే సికింద్రాబాద్‌ల గెలిచింది, 1989ల మల్ల గెలిచింది. గా ఇంటికి జనం ఓటు వేసిండ్రు.

బెంగళూరు_బాబాయ్

ఆలస్యంగా వచ్చాను. 'మనిషి నేర్చుకున్నాడు' అన్న రెక్కల గారికి మా ఊరి కథ చెప్పాలి.

1989లో వీరేంద్ర పాటిల్ కర్ణాటకలో కాంగ్రెస్‌కి 224లో 178 సీట్లు గెలిపించారు. రాష్ట్రం మొత్తం ఆయన్ని చూసి ఓటేసింది. ఏడాది తిరక్కుండా ఆయనకు పక్షవాతం వచ్చింది. ఇంట్లో మంచం మీద ఉన్నారు. 1990 అక్టోబరులో రాజీవ్ వచ్చి చూసి, తిరిగి వెళ్తూ ముఖ్యమంత్రిని మారుస్తున్నామని విలేకరులకు చెప్పేశారు. ఎక్కడ చెప్పారో తెలుసా? విమానాశ్రయంలో! ఆయన వర్గమైన లింగాయతులు ఆ రోజు మరిచిపోలేదు. 1994లో కాంగ్రెస్‌కి వచ్చినవి 34.

ఈసారి ఏప్రన్ మీద డప్పుల్లేవు, దండల్లేవు, ఇంజనుకేం ప్రమాదం లేదు.

పాతపేపర్ల_పిచ్చోడు

బాబాయ్, ఇదే నేను మొదటి పోస్టులో చెప్పాలనుకున్నది. 1987 జనవరిలో విదేశాంగ కార్యదర్శి వెంకటేశ్వరన్ సంగతి కూడా చేర్చండి. పత్రికా సమావేశంలో, ఆయన గదిలో కూర్చొని ఉండగానే, త్వరలో కొత్త విదేశాంగ కార్యదర్శి వస్తారని రాజీవ్ అనేశారు. ఆయన ఆ రోజే రాజీనామా చేశారు. ముప్ఫై ఏళ్లకు పైగా సర్వీసు ఉన్న అధికారి.

1985 డిసెంబరులో బొంబాయిలో కాంగ్రెస్ శతజయంతి సభలో ఇదే మనిషి అధికార దళారులను చీల్చి చెండాడాడు. ఆ ప్రసంగం నిజాయితీగానే చేశాడని నా నమ్మకం. కానీ దళారి ఎందుకు పుడతాడు? ఎంపీగా ఆరు నెలలైన కొడుకు ముఖం చిట్లిస్తే ముఖ్యమంత్రి పదవి ఊడుతుందని తెలిసిన చోట, ఆ ముఖం ముందే చూసి కబురు చెప్పేవాడికి గిరాకీ ఉంటుంది. ఆ కిటుకు ఆయనకు చివరిదాకా అందలేదు.

రెక్కల_గుర్రం

వెంకటేశ్వరన్ విషయంలో నేను వాదించను, అది తప్పే. పాటిల్ విషయమూ అంతే. బేగంపేట మాత్రం నేను వదలను. ఏప్రన్ మీదికి జనాన్ని తెచ్చినవాడు ముఖ్యమంత్రి అయినా ప్రధాని అయినా తప్పు తప్పే.

ముషీరాబాద్_మల్లన్న

వదలకు అన్నా, నేను గూడ వదల. రేపు చాయ్ తాగి మల్ల మాట్లాడ్దాం.

కడప_కారం

ఇంకో తమాషా. బేగంపేట మూసి 2008లో శంషాబాద్‌లో కొత్త ఎయిర్‌పోర్ట్ తెరిస్తే దానికి పెట్టిన పేరు రాజీవ్ గాంధీ. 2014లో డొమెస్టిక్ టెర్మినల్‌కి ఎన్టీఆర్ పేరు పెడ్తామని కేంద్రం అంటే తెలంగాణ అసెంబ్లీ వద్దని తీర్మానం చేసింది. అంజయ్య పేరు మాత్రం ఎవురూ ఎత్తలా.

ముషీరాబాద్_మల్లన్న

ఆయన పేరు హుస్సేన్‌సాగర్ ఒడ్డున లుంబినీ పార్కుకు ఉన్నది కారం అన్నా. బోర్డు మీద ఉన్నది, ఎవరూ అనరు గంతే.

గ్రూప్స్_సింధు

అందరికీ థాంక్స్ అండి. లా గారూ, ఆ మూడో వంతు చీలిక తీసేసిన సవరణ 91వదేనా?

లా_పుస్తకం

అవును, 91వది. ఇంకో ముక్క: మంత్రివర్గం సభలో 15 శాతం దాటకూడదన్నదీ ఆ సవరణలోనే వచ్చింది. 294 మంది ఉన్న సభకు లెక్క వేసుకోండి, 44 మంది. అంజయ్య గారి 61 ఇప్పుడైతే కుదరదు.